భోజనాల వేళ

అక్కా, కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను.

స్కానింగులో లివరుకు కొవ్వు పట్టిందన్నారు. ఆఫీసులో చెబితే మా టైపిస్టు, "ఏంటండీ, చాటుగా మందేస్తున్నారా?" అని నవ్వింది. తాగకపోయినా వస్తుందట. తీపి, నూనె, రోజంతా కుర్చీకి అతుక్కుపోవడం చాలట. బరువు మెల్లగా తగ్గించుకుంటే కోలుకుంటుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది.

నడుస్తున్నాను, తీపి మానేశాను. మధ్యాహ్నం అందరం కూరలు పంచుకునే బల్ల దగ్గర రోజూ వద్దు వద్దంటున్నానా, నిన్న డబ్బాలన్నీ నన్ను దాటుకుని వెళ్లిపోయాయి. "మీకు పథ్యం కదా, ఇబ్బంది పెట్టడమెందుకని" అన్నారు. నా మంచికే అనుంటారు. అయినా ముద్ద దిగలేదు. ఇన్నాళ్లూ నేను తిన్నది ఆకలికా, పక్కన మనుషులున్నారనా?

నువ్వు పంపుతానన్న మిఠాయిల పార్సిలు ఆపెయ్యి, ఇంట్లో ఉంటే నన్ను నేను నమ్మలేను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఆయనకు నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు.

అన్నట్టు, రాత్రిపూట పెందలాడే తినమన్నారు. మీరంతా భోజనాలకు ఎన్నింటికి కూర్చుంటారో రాయి. నేనూ ఆ వేళకే కంచం పెట్టుకుంటాను.

నీ చెల్లి