ఒకే తాను గుడ్డ

గుడివాడ

చి. సౌ. తనూజకు అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. నా చెవులే మొండికేశాయి. ఫోన్‌లో సగం మాటలు వినపడవు కాబట్టి నువ్వు ఉత్తరం రాయడమే మంచిదయింది. నాగపూర్‌లో మీ నలుగురూ బాగున్నారని తలుస్తాను.

సెలవుల్లో పిల్లలతో దివిసీమ వచ్చి, సముద్రం ఒడ్డున డేరా వేసుకుని పడుకుంటామని రాశావు. ఇంట్లో మంచాలుండగా ఇసకలో పడకేమిటని మీ నాన్న నవ్వారు. అల్లుడికి లేని భయం నాకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని నేను ఊరుకున్నాను. అయినా పిల్లలకు ఏ బట్టలు సర్దాలని అడిగావు. ఇన్నేళ్లుగా మిషను తొక్కుతున్నదాన్ని, చెప్పకుండా ఉండలేను.

అక్కడి చలి నాగపూర్ చలి కాదు. ఆ లావు స్వెట్టర్లు బీరువాలోనే ఉంచు. పగలు చెమట పోస్తుంది, తెల్లవారుజామున మంచుకు డేరా అంతా తడుస్తుంది. ఒకదాని మీద ఒకటి వేసి, ఉక్కపోస్తే తీసెయ్యడానికి వీలుగా పలుచటి నూలు బట్టలు పెట్టు. చెవులు కప్పే టోపీ వద్దని ఆదిత్య గోల చేస్తాడు, చెయ్యనీ. సాయంత్రం దోమలకు పొడుగు చేతులు, నిండు ప్యాంట్లు ఉండాలి. జీన్సు తేకు, తడిస్తే ఒక పట్టాన ఆరదు. రాత్రి పడుకునే జత వేరే కవర్లో మూతి కట్టి ఉంచు. పగలు ఏం జరిగినా దాన్ని ముట్టుకోవద్దు, ఎందుకంటే మిగతావన్నీ పిల్లలు ఎలాగూ తడుపుతారు. ఉప్పునీళ్లలో తడిసిన బట్ట జిడ్డుగా ఉండి తొడలు ఒరుస్తుంది. మంచినీళ్లలో జాడించాకే ఆరెయ్యి.

చిన్నదానికి పక్క తడిపే అలవాటు ఇంకా పోలేదని బెంగపడ్డావు. నీకు బడిలో చేరాక కూడా పోలేదు. నాలుగు చెడ్డీలు ఎక్కువ పెట్టు, అంతే.

ఈ పార్సిల్లో ఆదిత్యకు పసుపు, చిన్నదానికి ఎరుపు జతలు కుట్టి పంపుతున్నాను. అల్లుడు హర్ష మీ నలుగురికీ ఒకే రకం నీలం టీషర్టులు తెప్పించాడని ఫోటో పంపావు. ముచ్చటగానే ఉన్నాయి. వాటిని నాగపూర్‌లో వేసుకోండి, దివిసీమకు మాత్రం తేవద్దు.

నీకు కోపం వస్తుందని తెలుసు. చిన్నప్పుడు నీకూ చెల్లికీ ఒకేలాంటి గౌన్లు కుట్టలేదని ఎంత ఏడ్చేవారో. మా పక్క కొట్టు హఫీజా ఇప్పటికీ ఏడిపిస్తుంది. "ఏంటండీ అన్నపూర్ణగారూ, కవలపిల్లలకి కూడా ఒకే గుడ్డ కుట్టనంటే బేరం పోదా అండీ?" అంటుంది. పోతే పోయిందంటాను. కారణం ఎవరికీ చెప్పలేదు. పుట్టిల్లు దివిసీమ అయ్యుండి మమ్మల్ని ఒక్కసారీ ఎందుకు తీసుకెళ్లలేదని నువ్వు అడిగినదానికీ జవాబు అదే.

డెబ్భై ఏడులో దీపావళికి మా నాన్న బందరు నుంచి నీలం గళ్ల తాను తెచ్చారు. మా వైపు ఉమ్మడి ఇళ్లల్లో పిల్లలందరికీ ఒకే తానులోంచి కత్తిరించేవారు, ఎవరికీ ఎక్కువతక్కువలు ఉండకూడదని. నాకు గౌను, మీ రాజబాబు మావయ్యకూ మా బాబాయి కొడుకు కోటిలింగానికీ చొక్కాలు. వాళ్లిద్దరూ ఒకే ఈడు. పండగ అయిన కొద్దిరోజులకే ఉప్పెన వచ్చింది. మమ్మల్ని డాబా ఎక్కించారు కానీ ఆ ఇద్దరూ పెద్దవాళ్ల చేతుల్లోంచి జారిపోయారు. నీళ్లు తీశాక నాన్న వెతుకుతూ వెళ్లి కాలవగట్టున ఒక పిల్లవాణ్ణి చూశారు. మొహం పోల్చుకునేలా లేదు. చొక్కా గుర్తుపట్టారు. కోటిలింగానిదీ అదే చొక్కా అని ఆయనకు తోచనే లేదు. పోగొట్టుకున్నవాడికి తన బిడ్డే కనపడతాడు. అక్కడే తన చేతులతో పూడ్చి వచ్చారు.

పిన్ని మా అమ్మను ఓదార్చింది. తన కొడుకు ఎక్కడో బతికే ఉంటాడని ఆమె నమ్మకం. తర్వాత ఒకరోజు అవనిగడ్డ శిబిరం నుంచి ఎవరో రాజబాబును తెచ్చి మా ముందు నిలబెట్టారు. అమ్మా నేనూ పరుగెత్తాం. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు, నువ్వు పుట్టినప్పుడు కూడా. పిన్ని మాత్రం కదల్లేదు. వాడి చొక్కా వంక చూస్తూ, "మరి మీరు పూడ్చింది ఎవర్ని బావగారూ?" అంది.

నాన్న పిన్నిని కాలవగట్టుకు తీసుకెళ్లారు. ఆ గట్టంతా అలాంటి గుంటలే, చోటు కూడా చూపించలేకపోయారు. పిన్ని ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేదని నాన్న చివరిదాకా అనుకున్నారు.

నవ్వుకున్నా సరే, పిల్లలకు వేరు వేరు రంగులు వెయ్యి. నాకు ఇంకేమీ వద్దు.

నువ్వూ రా అమ్మా అన్నావు. వస్తాను. మట్టి వేసేటప్పుడు మా నాన్న "రాజబాబూ, రాజబాబూ" అని ఏడ్చారట. ఆ పసివాణ్ణి వేరే పేరుతో సాగనంపాం తనూజా. ఆ గట్టు మీద నిలబడి, కోటిలింగాన్ని వాడి పేరుతో ఒక్కసారి పిలవాలని ఉంది.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూసే
అమ్మ