ఎనిమిదో ప్రతి

సకాటెకాస్ నగరం, గని వీధి, పదకొండో నంబరు ఇంట్లో కాపురముంటున్న ఎవోదియా బన్యూయెలోస్ అనే నేను, గని కార్మికుడు కీర్తిశేషులు హెర్కులానో బన్యూయెలోస్ పెద్ద కూతురిని, వృత్తి రాగిరేకుల మీద బొమ్మలు చెక్కడం, వయసు డెబ్భై మూడు, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నా బొమ్మలు చూసినవాళ్ళు నా మతి మీద ఎప్పుడూ అనుమానపడుతూనే ఉన్నారు కాబట్టి డాక్టరు సర్టిఫికెట్టు కూడా జతపరిచాను.

1. నా ఇల్లు, అందులోని సామానుతో సహా, నా చెల్లెలు ఉబాల్దాకు సర్వహక్కులతో చెందుతుంది. మెట్లను మింగుతున్న గుర్రం బొమ్మ కూడా ఆమెకే. దాన్ని ఆమె పెళ్ళికి కానుకగా ఇస్తే, నెల తిరక్కుండా తెచ్చి, "అక్కా, నీకు దండం పెడతాను, దీన్ని నువ్వే ఉంచుకో. మా అత్తగారు అన్నం తినడం మానేసింది" అంది. ఈసారి తెచ్చిస్తే పుచ్చుకోవడానికి నేనుండను.

2. నా పనిముట్లు, అచ్చుయంత్రం ఊళ్ళోని చెక్కుడు పనివారి సంఘానికి చెందుతాయి. పళ్ళ ఉలిని ఎవరూ సానపట్టకూడదు. దానికి నా చెయ్యి అలవాటు. వాడేవాళ్ళు తొందరపడకూడదు. మూడు వారాలు ఆ ఉలితో రేకంతా అటూ ఇటూ ఊపి గరుకు చెయ్యాలి. అప్పుడు అచ్చువేస్తే కాగితమంతా కటిక నలుపు వస్తుంది. ఆ తర్వాతే బొమ్మ. గరుకును ఎక్కడెక్కడ నునుపు చేస్తే అక్కడక్కడ వెలుగు వస్తుంది. మిగతావాళ్ళు తెల్లకాగితం మీద చీకటి గీస్తారు, నేను ముందు చీకటి తయారుచేసుకుని అందులోంచి కొంచెం కొంచెం తీసేస్తాను. ఇది నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. నాన్నకు గనిలోకి రొట్టెలు తీసుకెళ్ళేదాన్ని. దీపం వెలుగులో ఒకసారి ఒక చెవి, ఒకసారి కంచరగాడిద పళ్ళు, ఒకసారి ఎవరిదో చెయ్యి కనిపించేవి. మనిషి మొత్తంగా ఎప్పుడూ కనిపించలేదు. మిగిలింది నేనే కల్పించుకునేదాన్ని.

3. రాజధానిలో నా బొమ్మలు అమ్మిపెట్టిన ఫుల్హెన్సియో గారికి ఏమీ ఇవ్వడం లేదు. నన్ను "పీడకలల మహారాణి" అని పుస్తకంలో వేయించారు. నాకు కలలు రావు. పడుకుంటే మొద్దునిద్ర. నా బొమ్మల్లో మనుషులకు ముఖాలు ఎందుకుండవని నలభై పేజీల వ్యాసం రాశారు, అందులో శూన్యం అన్న మాట లెక్కలేనన్నిసార్లు ఉంది. అసలు కారణం ఐదో నిబంధనలో ఉంది, ఒక్క పేజీ కూడా కాదు.

4. అచ్చుయంత్రం మీద పరిచే ఉన్ని దుప్పట్లు ఎదురింటి ఎవుస్తోలియాకు, ఆమె మోకాళ్ళ కోసం.

5. లెయాంద్రో ఎస్కొబెదో పందొమ్మిదేళ్ళు నా దగ్గర అచ్చువేశాడు. రేకు మీద సిరా పూసి, అరచేతి అంచుతో తుడిచేవాడు. ముఖం దగ్గర ఎంత సిరా ఉంచాలో, ఎంత తియ్యాలో ఆ చేతికి తెలుసు. నేను తుడిస్తే ముఖం పాలిపోయి చచ్చిపోతుంది. అతను వెళ్ళిపోయాక నేను ముఖాలు చెక్కడం మానేశాను. ఫుల్హెన్సియో గారి శూన్యం ఇదే.

వీపు మీద బావిని మోస్తున్న మనిషి బొమ్మకు అతని ముఖమే పెట్టాను. ఏడు ప్రతులు తీసి, ఇంకొకటి రాకుండా రేకు మీద అడ్డగీత కొట్టేస్తానని కొన్నవాళ్ళకు మాటిచ్చాను. గీత కొట్టే ముందు అతను నాకు చెప్పకుండా ఎనిమిదోది తీసుకున్నాడు. ఆ సంగతి తెలిశాక, పదిమంది ముందు అతన్ని దొంగ అన్నాను. అతను గొంతు పెంచలేదు. "నా మొహం ఏడుగురు పరాయోళ్ళ గోడల మీద ఉండొచ్చుగానీ, నా గోడ మీద ఉండకూడదా, ఎవోదియా?" అన్నాడు. చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇది జరిగి ఇరవై ఏడేళ్ళు. ఇప్పుడు హెరెస్‌లో పెళ్ళి శుభలేఖలు అచ్చువేస్తున్నాడు. నేను నాలుగుసార్లు బస్సెక్కి వెళ్ళాను. ఎదురు కొట్లో కూర్చుని ఐస్‌క్రీము తిని, అద్దంలోంచి అతని తెల్లజుట్టు చూసి, తిరిగొచ్చాను.

ఆ ఎనిమిదో ప్రతి అతనిదే. నా వారసులెవరూ దాన్ని అడగకూడదు, అతన్ని దొంగ అనకూడదు. ఆ మాట నాది, తప్పూ నాదే.

6. పై ఐదూ రాయించాక నోటరీ దోన్ మకెదోనియో కళ్ళజోడు తీసి, సాక్షులెవరని అడిగారు. ఎవుస్తోలియా, లెయాంద్రో అని చెప్పాను. "కుదరదండీ దోన్యా ఎవోదియా. పుచ్చుకునేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదు. ఏదో ఒకటే" అన్నారు. పక్కనే ఉన్న ఎవుస్తోలియా, "దుప్పట్లు పోతే పోయాయి. ఆయనొస్తే నేను చూడాలా వద్దా!" అంది. కాబట్టి నాలుగో నిబంధన రద్దు.

లెయాంద్రోకు నిన్ననే కబురంపాను, సాక్షిగా రమ్మని. ఇన్నేళ్ళలో అతన్ని పిలవడానికి నాకు దొరికిన సాకు ఇదొక్కటే. జవాబు రాలేదు. కాగితం మీది నా క్షమాపణ అతనికి చేరేసరికి నేను ఉండను. అతను ఏమంటాడో వినను. నాకు అతన్ని చూడాలని ఉంది, ఒక్కసారి, అద్దం అడ్డు లేకుండా. అతను వస్తే ఐదో నిబంధన కూడా కొట్టేస్తాను. అందులోని మాటలు నోటితోనే చెబుతాను. ఆ ప్రతి వెంట తెస్తే కింద సంతకం చేసిస్తాను. బతికుండగా పెట్టే సంతకానికి వీలునామాతో పని లేదు. తేకపోయినా సరే.

నాలుగింటిలోగా రాకపోతే ఐదో నిబంధన అలాగే ఉంటుంది. సాక్షిగా నోటరీ గుమాస్తా సంతకం పెడతారు.

నాలుగైంది. గోడ గడియారం ముందు నడుస్తోందని నేనన్నాను. దోన్ మకెదోనియో దాని వంక చూసి, అవునన్నారు.

2024 నవంబరు 14, గురువారం, సాయంత్రం 4 గంటల 50 నిమిషాలు.

నాలుగో, ఐదో నిబంధనలు సాక్షుల ఎదుట నా చేత్తో కొట్టివేశాను.

సంతకం: ఎవోదియా బన్యూయెలోస్

సాక్షులు:
ఎవుస్తోలియా ఫ్రాఉస్తో, గృహిణి, గని వీధి
లెయాంద్రో ఎస్కొబెదో, అచ్చుపనివాడు, హెరెస్