మెత్తబడిన కోటు

ఆగస్టు 4, సోమవారం

చిరంజీవి కోడలు పిల్లకి,

అత్తయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, నా మోకాళ్లూ, మా ఆసుపత్రి లాండ్రీలో నాలుగు మిషన్లూ క్షేమం. ఐదోది మళ్లీ మొరాయించింది. మీరిద్దరూ క్షేమమని రాశావు, సంతోషం. కానీ నీ ఉత్తరంలో మూడో పేజీ చదివినప్పటి నుంచి ఆ క్షేమం అన్న మాట మీదికే నా చూపు మళ్లీ మళ్లీ పోతోంది.

ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని మీ ఆయన నవ్వుతున్నాడట. నవ్వనీ. ఫోన్ చేస్తే వాడు స్పీకర్ పెట్టి, పళ్లెం ముందేసుకుని, మన మాటలన్నీ నంజుకుంటూ వింటాడు. ఇలా అయితే మన సంగతులు మన దగ్గరే ఉంటాయి.

కొత్త ఇంట్లో వంటగది కిటికీకి ఎండ బాగా వస్తుందనీ, కింద వాటా టీచరమ్మ మంచావిడనీ రాశావు. బట్టల మిషన్ కొన్నారన్నావు, అదీ మంచిదే. ఆ తర్వాత నీలం మూత సీసా గురించి రాశావు. బట్టలు జాడించాక ఒక మూతెడు పోస్తే ఇల్లంతా పూలవాసనట, తువాళ్లు దూదిలా అయ్యాయట. అబ్బాయికి ఫౌండ్రీలో ఇచ్చిన రెండు కోట్లు గోనెసంచుల్లా ఉండి మెడంతా దద్దుర్లు లేస్తే, వాటికి రెండేసి మూతలు పోశావట.

కోడలి బట్టల మూటలో అత్త వేలు పెట్టకూడదని నాకూ తెలుసు. ఏం చేయను, ఇరవై మూడేళ్లుగా ఊరందరి దుప్పట్లు ఉతుకుతున్న చెయ్యి, ఊరుకోదు. ఆ వాసన నీళ్లు మా దగ్గర పెద్ద డబ్బాల్లో వస్తాయి. దుప్పట్లకి తప్ప మరి దేనికీ పోయనివ్వం. తువాలుకి పోస్తే అది తడి పీల్చడం మానేస్తుంది. నమ్మకపోతే నీ తువాలు మీద ఒక్క నీటిచుక్క వేసి చూడు, ఇంకకుండా పూసలా నిలబడుతుంది. ఆ సీసాలో ఉన్నది ఒకరకం జిడ్డే అమ్మాయ్. ప్రతి నూలుపోగుకీ ఆ జిడ్డు పొరలా పట్టుకుంటుంది, అందుకే బట్ట మెత్తగా తగులుతుంది.

నీ దుప్పట్లకి పోసుకో, నీ బట్టలకి పోసుకో, నీ ఇష్టం. అబ్బాయి పనికోట్లకి మాత్రం వద్దు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి వాడికి కొలిమి దగ్గర డ్యూటీ అన్నావు కదా. ఈలోగా ఆ రెండు కోట్లూ పక్కన పడేసి కొత్తవి అడగమను.

ఇక్కడ విశేషాలేమీ లేవు. మొన్న ఆసుపత్రి మలుపులో పిల్లిమీసాలాయన సైకిల్ తోసుకుంటూ ఎదురొచ్చాడు. నేను రోడ్డు దాటి అవతలి పక్క నుంచి పోయాను. ఈ సంగతి అబ్బాయితో అనకు. ఆయన ఊసెత్తితేనే వాడు అన్నం దగ్గర నుంచి లేచిపోతాడు.

ఇట్లు,
నీ మంచి కోరే
అత్తయ్య


ఆగస్టు 17, ఆదివారం

చిరంజీవి కోడలు పిల్లకి,

దీవెనలు. నీ జవాబు శుక్రవారం మధ్యాహ్నం అందింది. లాండ్రీలో మడత బల్ల దగ్గర నిలబడి చదివాను. చదివిన తర్వాత ఒకే దుప్పటిని నాలుగుసార్లు మడిచి, నాలుగుసార్లు విప్పానట. నా పక్కన పనిచేసే పిల్ల చూసి, ఒంట్లో బాగుందా పెద్దమ్మా అని అడిగింది.

నీకు కోపం వచ్చింది. రావలసిందే. నీ సంసారం నువ్వు దిద్దుకుంటుంటే దూరాన ఉన్న అత్త సబ్బులూ సీసాలూ లెక్కపెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మీ ఇంట్లో ఏ బట్ట ఎలా ఉతకాలో మీ ఇష్టమన్నావు, ఒప్పుకున్నాను. నీటిచుక్క వేసి చూశానని, అది పూసలాగే నిలబడిందని, అయితే ఏమైందని అడిగావు. తువాలుకైతే ఏమీ కాదు. ఒళ్లు ఆరడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది, అంతే.

కోటుకి అంతే కాదు. అది మామూలు బట్ట కాదు. నిప్పురవ్వ పడితే పట్టుకోకుండా ఉండటానికి దానికి ప్రత్యేకంగా మందు పట్టిస్తారు. దాని మీద నువ్వు వారానికోసారి జిడ్డు పూస్తున్నావు. జిడ్డూ నిప్పూ కలిస్తే ఏమవుతుందో రెండు పూటలా పొయ్యి ముందు నిలబడే నీకు నేను చెప్పాలా?

అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను కూడా. ఎప్పట్లాగే నవ్వాడు. అమ్మకి బట్టల పిచ్చి ముదిరిందన్నాడు. నిప్పంటని కోటుకి నిప్పెలా అంటుతుందే అన్నాడు. మెడ మీద దద్దుర్లు పూర్తిగా పోయాయని, తోటివాళ్లంతా నీ కోటు పట్టులా ఉందే, మీ ఆవిడ ఏం వేసి ఉతుకుతుందని అడుగుతున్నారనీ చెప్పాడు. ఆ గొంతులో ఎంత గర్వమో. నీ మీద వాడికి ఎంత ప్రేమో ఆ ఒక్క ముక్కలో తెలిసిపోయింది. మరో రోజైతే మురిసిపోయేదాన్ని.

నీ ఉత్తరంలో ఇంకో సంగతి రాశావు, చివర్లో, మాటవరసకి. కోటు మెడ వెనక కుట్టిన చిన్న గుడ్డముక్క గీరుకుంటోందని కత్తెరతో తీసేశావట. ఆ ముక్క ఎక్కడుంది? కోటు ఎలా ఉతకాలో దాని మీదే రాసుంటుంది, వెంటనే వెతికి చదువు. దాన్ని పారేయకు. నేను ఊరికే అనడం లేదు.

వెనకటికి ఒకాయన ఇలాగే మెత్తటి కోటు వేసుకుని కొలిమి దగ్గరికి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఎవరని అడగకు, విన్న సంగతి.

నిన్ను కష్టపెట్టాలని కాదు తల్లీ. కోటు మార్చారన్న ఒక్క మాట రాస్తే చాలు, జన్మలో నీ బట్టల జోలికి రాను.

ఇట్లు,
అత్తయ్య


ఆగస్టు 26, మంగళవారం

అమ్మాయికి,

ఈసారి క్షేమసమాచారాలు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నేరుగా విషయంలోకి వస్తున్నాను.

పొద్దున అబ్బాయి ఫోన్ చేశాడు. డ్యూటీ మారే ముందు కొలిమి దగ్గర పని చూసి రమ్మని నిన్న గంటసేపు పంపారట. బానలో కరిగిన ఇనుము పోస్తుంటే ఒక రవ్వ ఎగిరి వాడి మోచేతి మీద పడిందట. పడినచోట ఆగకుండా, చిన్న ఉంగరంలా మంట చుట్టూ పాకిందట. అరచేత్తో తట్టి ఆర్పేశాడట. చీమ కుట్టినంత కూడా లేదని నవ్వాడు. పక్కనున్నవాళ్ల కోట్ల మీదా రవ్వలు పడ్డాయా అని అడిగాను. పడ్డాయి, నల్లటి చుక్క పెట్టి ఆరిపోయాయన్నాడు. మరి నీదెందుకు పాకిందిరా అంటే, ఏమోనే, కొత్త కోటు కదా అన్నాడు. కొత్తది కాబట్టి పాకిందని నా కొడుకు అనుకుంటున్నాడు.

నేను ఫోన్ పెట్టేసి, ఇస్త్రీ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీ మామయ్య ఎలా పోయారో నీకు తెలుసు. వాడే చెప్పి ఉంటాడు. ఫౌండ్రీలో బానని వంచే పని పిల్లిమీసాలాయనది. ఆ పక్కనే నిలబడి అచ్చుల్లోకి ఇనుము సరిగ్గా దిగుతోందో లేదో చూసే పని మీ మామయ్యది. పిల్లిమీసాలాయన తొందరపడి బాన వంచాడు, ఇనుము చిందింది, మీ మామయ్య కోటు అంటుకుంది. విచారణలో తేలింది అదే. అప్పటికి అబ్బాయికి తొమ్మిదేళ్లు. పిల్లిమీసాల మామా అంటూ ఆయన సైకిల్ ముందు కడ్డీ మీద ఎక్కి బడికి వెళ్లేవాడు. ఆ తర్వాత ఆయన మన వీధిలోకి వస్తే రాయి తీసుకుని విసిరాడు. నేను వారించలేదు.

ఇప్పుడు నేను చెప్పేది చెప్పినట్టు చెయ్యి. ఆ రెండు కోట్లూ ఒక సంచిలో వేసి మూతి కట్టు. మళ్లీ ఉతికితే పోతుందిలే అనుకోకు, ఎంత పోతుందో ఎవరూ చెప్పలేరు. ఫౌండ్రీ స్టోరులో కొత్తవి అడగమను. ఇవ్వకపోతే ఇచ్చేదాకా కొలిమి దగ్గరికి వెళ్లొద్దను. మేస్త్రి ఏమన్నా పడమను. దద్దుర్లకి మెడ చుట్టూ మామూలు నూలుగుడ్డ చుట్టు, ఏ వాసన నీళ్లూ తగలనిది.

నువ్వు చేసింది తప్పని నేననడం లేదు. కట్టుకున్నవాడి మెడ ఒరుసుకుపోతుంటే ఏ ఆడదైనా చేసేదే చేశావు. ఆ గుడ్డముక్క ఊడ్చి చెత్తలో వేశానని ఫోన్‌లో చెప్పావు. నీ గొంతు చిన్నబోయింది. ఏడవకు.

శనివారం బస్సుకి నేనే వస్తున్నాను. ఒకటో తారీఖు పొద్దున వాడు ఏ కోటు వేసుకుని గడప దాటుతాడో నా కళ్లతో చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు. ముందే ఎందుకు ఉత్తరం రాస్తున్నానంటే, కొన్ని మాటలు మీ ముఖాలు చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు. రాయగలిగితే కిందే రాస్తాను.

ఇట్లు,
అత్తయ్య

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను.

మీ మామయ్యకీ మెడ మీద దద్దుర్లే వచ్చేవి. ఆ గుడ్డముక్క గీరుకుంటోందంటే నేనే కూర్చుని దారాలు తెంపి తీసేశాను. లాండ్రీలో దుప్పట్లకి వాడే వాసన నీళ్లు చిన్న సీసాలో తెచ్చి, రెండు కోట్లనీ అందులో ముంచి ఆరేశాను. ఒకటి వేసుకుని ఆయన అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, ఇన్నాళ్లకి మనిషి వేసుకునే బట్టలా ఉందే అన్నారు. ఆ మాట కోసం మూడు నెలలు, వారం తప్పకుండా ముంచాను.

ఇనుము చిందడం అక్కడ రోజూ ఉండేదే. చిందినా ఒంటికి పట్టకుండా చూడటానికే ఆ కోటు. ఆ రోజు చిందింది కూడా రోజూ చిందేంతేనని పిల్లిమీసాలాయన విచారణలో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. ఎవరూ వినలేదు. అయితే కోటులో లోపం ఉందేమో చూస్తామని, ఇంట్లో ఉన్న రెండో కోటు పంపమని నాకు కబురు చేశారు.

అప్పటికి నేను ఆ గుడ్డముక్క చదివేశాను. చొక్కా బొత్తాం కుట్టడానికి కుట్టు డబ్బా తెరిస్తే పైనే కనిపించింది. ఆ కోటు తీసుకుని లాండ్రీకి వెళ్లి, మరిగే నీళ్లలో, ఉత్త సబ్బుపొడితో ఐదుసార్లు ఉతికాను. ఆ పని నాకంటే బాగా ఎవరికి వచ్చు? పరీక్షలో దానికి నిప్పంటలేదు. కోటులో లోపం లేదు కాబట్టి తప్పు బాన వంచినవాడిదేనని రాసేశారు. ఆయన్ని పనిలోంచి తీసేశారు. మళ్లీ ఏ ఫౌండ్రీ వాళ్లూ రానివ్వలేదు. పంతొమ్మిదేళ్లుగా సైకిళ్లు బాగుచేసుకుని బతుకుతున్నాడు. నేను రోడ్డు దాటి వెళ్లిపోతుంటే నాకు తన మీద కోపమనుకుంటాడు. తల వంచుకుంటాడు.

శనివారం బస్సెక్కే ముందు ఆయన షాపు దగ్గర ఆగుతాను.

ఈ కాగితం దాచకు. అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించు. అమ్మ చాదస్తమంటే వాడు ఆ కోటు మానడు, ఇది వింటే మానతాడు. తర్వాత నన్ను గుమ్మంలోకి రానిస్తాడో, వచ్చిన బస్సుకే తిరిగి పంపిస్తాడో వాడిష్టం. నేను వాడిని ఏమీ అడగను.

నీ గుడ్డముక్క పోయింది కాబట్టి నాది ఈ కవరులో పెట్టాను. అక్షరాలు చిన్నవి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూడు. పైనుంచి నాలుగో వరుస. దారాలు తెంపేటప్పుడు నేను చదవలేదు.