కేతిగాడి గొంతు

1962 మార్చి 11, ఆదివారం, యాడికి

నాయన పది రోజులుగా గోడవైపు తిరిగి పడుకొనే ఉన్నాడు. పోయిన నెల నిద్ర మాని తోలుబొమ్మలకు రంగులు వేసి, ఊరూరా తిరిగి ఆటలు ఒప్పుకొన్నదీ ఈయనే. బెంగళూరులో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి పోదామని నేను ఎంత బతిమాలినా పలకడు. మాట ఇచ్చిన ఆట కదా అని ఈ రాత్రి అమ్మే ఆయనను లేపి తెర వెనక కూర్చోబెట్టింది.

నవ్వించే కేతిగాడి బొమ్మ చేతికి రాగానే నాయన గొంతు లేచింది. "పోయిన నెల బెళుగుప్ప బీడంతా ఒగన్నే దున్నినా. ఈ పొద్దు ముద్ద ఎత్తేకి చెయ్యి లేస్తాలేదు. మా పాప కాలేజీలో చదివి చెప్పింది, నేను గడియారం లోలకం మాదిరంట."

కేతిగాడి జోడీ బంగారక్క బొమ్మను ఆడించే అమ్మ వెంటనే అందుకుంది. "ఆ గడియారం ఎప్పుడన్నా సరైన టైము చూపిచ్చిందా? డాక్టరు కాడికి పోయి బాగు చేపిచ్చుకోరా కేతిగా."

జనం నవ్వారు.

బొమ్మలు పెట్టెలో సర్దుతుంటే నాయన తన సొంత గొంతుతో అడిగాడు. "మందు తింటే కేతిగాడు పోతాడా పాపా?"

నా భయమూ అదే. ఆ గొంతు పోతే మాకు మిగిలేది ఏ నాయనో... ధైర్యం చెబుదామనుకున్నా అబద్ధం నోట రాలేదు.

"తెలీదు నాయనా."

నాయన కేతిగాణ్ణి పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాడు. "అట్లయితే డాక్టరు కాడికి వస్తా. తెలుసన్నోళ్లంతా దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టినారు."