ఫ్యాన్ మోత చేసే ల్యాప్‌టాప్

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు పొద్దున ఆదోనికి పోయి నా యానిమేషన్ చదువు కోసం తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను.

షాపాయన కీబోర్డు కింద రంగురంగుల లైట్లు వెలిగించి చూపించాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు. జిన్నింగ్ మిల్లులో పత్తి నింపిన బోరెం సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు పత్తి లాగి చూసేదాకా సరుకు బాగుందని నువ్వు ఒప్పుకునేవాడివి కాదు. నేనూ అరగంట గేమ్ ఆడి, ల్యాప్‌టాప్ అడుగున అరచెయ్యి పెట్టాను. వెచ్చబడింది గానీ కాలలేదు. ఆట ఎక్కడా ఆగలేదు.

"ఇట్ల సూసేది యాడ నేర్చుకుంటివమ్మా?" అన్నాడాయన.

"మా నాయన కాడన్నా."

స్క్రీన్ రంగులు కాస్త వెలవెలబోతున్నాయి. చార్జింగ్ రెండు గంటలే ఆగుతుందట. అన్నిటికంటే ఫ్యాన్ మోత ఎక్కువ, అమ్మ తిడుతుందని భయపడుతూనే తెచ్చాను. మిల్లు పక్క ఇల్లు వదిలి ఎమ్మిగనూరు వచ్చినప్పటి నుంచి, ఆమెకు రాత్రిళ్లు కునుకే పట్టడం లేదు.

ఇంటికొచ్చి గేమ్ పెట్టగానే ఫ్యాన్ మొదలైంది.

"మిల్లు తిరుగుతాండినట్లుంది పాపా," అంటూ అమ్మ నా పక్కనే చాప పరుచుకుని నిద్రపోయింది.

ఈ ఉత్తరం కాగితం మీద రాస్తున్నాను. చార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌లో ఎవరూ ఆడని ఆట నడుస్తోంది. ఆపితే అమ్మ లేస్తుంది.