గుమ్మం రాతిలో గాడి

సుజాతక్కా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నా.

మొన్న మా ఆస్పత్రి ఓనరు వాళ్ళు స్పెయిన్ వెళ్తూ, వాళ్ళమ్మని చూసుకోడానికి నన్నూ తీసుకెళ్ళారు. కొండల మధ్య లోయలో పాత ఊరు. ఒకప్పటి యూదుల వీధిలో ఒక గుమ్మం రాతికి వేలెడు గాడి ఉంది. దేవుని వాక్యం రాసి అందులో పెట్టుకునేవాళ్ళట. మతం మారండి, లేదంటే పొండి అన్నాడట రాజు. నిన్ను పంపేసినప్పుడు నీకైతే ఆ బేరం కూడా పెట్టలేదు. వేలు పెట్టి చూశా. ఏమీ లేదు.

ఇక్కడ సౌదీలో, హాయిల్ ఊళ్ళో మన రూము అల్మారా తలుపుకి లోపలివైపు నువ్వంటించిన బైబిలు వాక్యం గుర్తొచ్చింది. రోజూ డ్యూటీకెళ్ళే ముందు దాన్ని తాకి తలుపు మూసేదానివి. ఉద్యోగాల్లో సౌదీ వాళ్ళనే పెట్టుకోవాలని నితాకత్ రూలు వచ్చి, నీకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేసినప్పుడు, నేనది తీసిస్తానంటే, "ఉండనీవే, మళ్ళీ వస్తాగా" అన్నావు.

తిరిగొచ్చి అల్మారా తెరిచా. తలుపు లోపలివైపు కూడా కొత్తగా పెయింటు వేశారు. తాకితే వేలికి అంటుకుంది.