ఇద్దరి పుట్టిన తేదీ

అక్కా,

తోడికోడళ్లం, పక్కపక్క గుమ్మాల్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని అనుకోకు. నీ మొహం చూస్తే నాకు మాట రాదు.

అప్పీలులో చూపించడానికి నీ కొడుకు పుట్టినప్పటి ఆసుపత్రి కార్డు కావాలని కబురు పంపావు. నీ దగ్గర కాగితం నిలవదని ఇద్దరి కార్డులూ నా కుట్టుమిషను సొరుగులోనే దాచాం కదా. నా కొడుకుని పొడిచి చంపేనాటికి నీ వాడికి పద్దెనిమిది నిండి నెలే అయిందని, చిన్నవయసు చూసి శిక్ష తగ్గిస్తారని లాయరు అన్నాడట.

వాడి మీద నాకున్నది కోపం. నీ మీద ఉన్నది కుళ్లు. పోయిన వారం జైల్లో వాణ్ణి చూసి వచ్చి, "ఒళ్లు చేశాడు, పాత చొక్కాలు పట్టడం లేదు" అని వాకిట్లో ఎవరితోనో విసుక్కున్నావు. ఆ చొక్కాలు నేను కుట్టినవే. ఇద్దరికీ ఒకే కొలత, ఒకే తానులో గుడ్డ. నా వాడివి ఎవరికీ బిగుతు కాలేదు, అలాగే మడతపెట్టి ఉన్నాయి.

కార్డు చింపేద్దామని మూడుసార్లు సొరుగు లాగాను. చివరికి పంపుతున్నాను. దాంతోపాటు నా వాడిదీ పెట్టాను. రెండూ జడ్జిగారికి చూపించమను.

నా వాడు నీ వాడికంటే రెండు రోజులు చిన్న.

నీ చెల్లెలు